నాన్న కారు, తమ్ముడి ఇంజిన్, అక్క వాటా

ఈ ఉత్తరం నాలుగు పేజీలుంది. రాసినాయన పేరు వేయొద్దన్నారు కాబట్టి విషయం మాత్రం చెబుతాను.

ఆయన నాన్నగారికి 1972 మోడల్ డాట్సన్ 240జెడ్ ఉండేది. పొడుగాటి బానెట్, రెండే సీట్లు, వరసగా ఆరు సిలిండర్లున్న 2.4 లీటర్ల ఇంజిన్. 14 ఏళ్ళ కిందట ఆ ఇంజిన్ పట్టేసింది. బాగుచేయిస్తే ఎంతవుతుందో కనుక్కుని, గుండె గుభేల్మని, మన పాఠకుడు నాన్నను ఒప్పించి వేరే ఇంజిన్ పెట్టించారు. ప్రమాదంలో నుజ్జయిన ఒక షెవర్లే కమారో నుంచి తీసిన ఎల్ఎస్1 వీ8 (ఎనిమిది సిలిండర్ల ఇంజిన్), దాంతోపాటే దాని ఆరు గేర్ల గేర్‌బాక్స్. అది పట్టడానికి సీట్ల మధ్య రేకును కొంత కోసి వెడల్పు చేయాల్సి వచ్చింది. పాత ఇంజిన్ షెడ్డులో టార్పాలిన్ కింద పడి ఉంది. పాత గేర్‌బాక్స్‌ని మాత్రం ఎవరో అడిగితే అమ్మేశారు.

నిరుడు నాన్నగారు పోయారు. కారు అక్కకీ తమ్ముడికీ, అంటే మన పాఠకుడికీ, చెరి సగం అని రాసి పెట్టారు. తమ్ముడు కారును తనే ఉంచుకుని అక్క వాటా డబ్బుగా ఇస్తానన్నారు. అక్కడ మొదలైంది గొడవ. అక్కయ్య నెట్‌లో వెతికితే ఒక 240జెడ్ 3,10,000 డాలర్లకు అమ్ముడైనట్టు కనిపించింది. "నువ్వు పాడు చేయకపోతే మన కారు కూడా అంత పలికేది, ఆ లెక్కన నా సగం ఇవ్వు" అంటున్నారు. తమ్ముడేమో ఇంజిన్ మార్పుకు పెట్టిన ఖర్చు రసీదులన్నీ ముందు పెట్టుకుని, "నేను పెట్టింది తీసేస్తే అక్కకి ఇవ్వాల్సింది ఏమీ మిగలదు" అంటున్నారు. మధ్యలో ఒకాయన వచ్చి కారు చూసి ఒక రేటు చెప్పాడు. అది ఇద్దరికీ అవమానంగా తోచింది. ఆ ఒక్క విషయంలోనే ఇద్దరూ ఏకమయ్యారు!

ఉత్తరం చివర్లో ఒక సంగతి రాశారు. నాన్న పోయాక అక్క మొదటిసారి ఆ కారులో కూర్చుని తాళం తిప్పారట. ఇంజిన్ అందుకోగానే ఆపేసి, "ఇది నాన్న కారు చప్పుడు కాదు" అని దిగిపోయారట. మీరు అడిగింది రెండు ప్రశ్నలు. ఈ కారు అసలు విలువ ఎంత? నేను నాన్న కారును పాడు చేశానా?

ముందు ఆ 3,10,000 డాలర్ల సంగతి చూద్దాం. అక్కయ్యగారు చూసింది అబద్ధం కాదు. 2020 జనవరిలో ఆన్‌లైన్ వేలంలో ఒక 1971 మోడల్ 240జెడ్ నిజంగానే ఆ ధరకు పోయింది. కానీ ఆ కారు అప్పటికి దాదాపు యాభై ఏళ్ళలో 22,000 మైళ్ళ లోపే తిరిగింది. తయారైన మొదటి కాలపు బండి, ఎక్కడా చెయ్యి పడని స్థితిలో ఉంది. పట్టుచీర బీరువాలోంచి తీయకుండా దాచిపెట్టినట్టు దాచిన కారు అది. మీ నాన్నగారు కారు కొన్నది తోలడానికి. మీ ఉత్తరం ప్రకారమే 14 ఏళ్ళ కిందటికే దాని ఇంజిన్ పట్టేసి ఉంది. మీరు ఏ ఇంజిన్ మార్పూ చేయకపోయినా దాని ధర ఆ దరిదాపులకు వచ్చేది కాదు. ఒక్క వేలంలో పలికిన రికార్డు ధరతో మామూలు కార్ల ఖరీదు కడితే, ఊళ్ళో అందరిళ్ళకూ జమీందారు మేడ రేటు కట్టినట్టే.

ఇక మీ రసీదుల కట్ట. ఇది చెబితే మీకు కోపం రావచ్చు. ఈ మార్కెట్‌లో రసీదులు ధరను పెంచవు, నమ్మకాన్ని పెంచుతాయి. పని ఎవరు చేశారు, ఏ భాగం ఎప్పుడు మార్చారు అనేదానికి అవి సాక్ష్యం. అంతవరకే. కొనేవాడు మీ ఖర్చును తిరిగి ఇవ్వడు, మెకానిక్ కూలి అసలే ఇవ్వడు. ఇంజిన్ మార్చిన పాత స్పోర్ట్స్ కార్లలో ఎక్కువ శాతం, కారు కొన్న ధర, మార్పు ఖర్చు కలిపిన మొత్తానికి తక్కువకే అమ్ముడుపోతాయి. కాబట్టి అక్క చెప్పే నష్టం లెక్కలోకి రానట్టే మీరు పెట్టిన ఖర్చు కూడా రాదు. రెండూ పక్కన పెట్టండి. ఇవాళ ఈ కారు ఈ స్థితిలో ఎంత పలుకుతుందన్నదే పంచుకోవాల్సిన మొత్తం.

అయితే ఎంత పలుకుతుంది? దీనికి ముందు, ఇంజిన్ మారిస్తే ధర ఎందుకు మారుతుందో చెప్పాలి. ఇందులో మనుషుల మనసు చాలా విచిత్రంగా పనిచేస్తుంది.

మీ కారు అన్నదమ్ముల్లోనే ఒక ఉదాహరణ ఉంది. డాట్సన్ కార్లు తయారుచేసిన నిస్సానే ఇదే బాడీలో జపాన్‌లో ఫెయిర్‌లేడీ జెడ్432 అనే కారు అమ్మింది. అందులో రేసు కార్ల నుంచి వచ్చిన ఎస్20 ఇంజిన్ పెట్టింది. సిలిండర్‌కు 4 వాల్వులు, 3 కార్బ్యురేటర్లు, 2 క్యామ్‌షాఫ్టులు. పేరులో 432 అందుకే. నాలుగు వందల పైచిలుకే తయారయ్యాయి, ఇవాళ వాటి ధర మామూలు 240జెడ్‌కి అందనంత ఎత్తులో ఉంటుంది. అదే ఎస్20 ఇంజిన్‌ని సంపాదించి మీరు మీ కారులో పెట్టారనుకోండి. రేకు అదే, ఇంజిన్ అదే. అయినా అది జెడ్432 కాదు, జెడ్432 ఇంజిన్ పెట్టిన 240జెడ్. ఆ ధర రాదు.

పోర్షే 914 కథా అంతే. 1969లో వచ్చిన ఈ కార్లలో చాలావాటికి ఫోక్స్‌వాగన్ నాలుగు సిలిండర్ల ఇంజిన్. 914/6 పేరుతో ఆరు సిలిండర్ల పోర్షే ఇంజిన్‌తో వచ్చినవి దాదాపు 3,300 మాత్రమే. తర్వాత ఎంతోమంది మామూలు 914 కొని అందులో పోర్షే 911 కారు ఇంజిన్ పెట్టుకున్నారు. పనితనం బాగుంటే అలాంటి కారు నాలుగు సిలిండర్ల దానికంటే మంచి ధరే పలుకుతుంది, కానీ అసలు 914/6 పక్కన నిలబడదు. ఎంజీబీ జీటీ అనే బ్రిటిష్ కారులో రోవర్ 3.5 లీటర్ల వీ8 పెట్టి 1973 నుంచి 1976 దాకా ఫ్యాక్టరీ అమ్మినవి 2,591. ఇళ్ళ దగ్గర అదే ఇంజిన్ పెట్టుకున్నవి కూడా రోడ్ల మీద తక్కువేమీ కావు. కొనేవాడు మొదట అడిగేది ఒకటే, ఇది ఫ్యాక్టరీదా, చేయించుకున్నదా?

నాకు అన్నిటికంటే ఇష్టమైన కథ ట్రయంఫ్ స్టాగ్ అనే ఇంకో బ్రిటిష్ కారుది. 1970లో వచ్చినప్పుడు దాని సొంత 3 లీటర్ల వీ8 ఇంజిన్ ఊరికే వేడెక్కిపోతుందని చెడ్డపేరు తెచ్చుకుంది. విసిగిపోయినవాళ్ళు అది పీకేసి రోవర్ వీ8 పెట్టుకున్నారు. అప్పట్లో అదే తెలివైన పని, అలా మార్చిన కారే కొనమని సలహా ఇచ్చేవాళ్ళు. తర్వాత ఆ ఇంజిన్ జబ్బులేమిటో, మందేమిటో మెకానిక్‌లకు అర్థమైంది. ఇప్పుడు స్టాగ్ కొనేవాళ్ళు సొంత ఇంజిన్ ఉన్న కారునే కోరుకుంటున్నారు. కారు మారలేదు, కొనేవాళ్ళు మారారు. 14 ఏళ్ళ కిందట మీరు చేసిన పనిని ఇవాళ్టి ధరలతో తప్పు పట్టడం సరికాదనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలీదు. అప్పటికి పాత 240జెడ్‌లకు ఇప్పుడున్న గిరాకీ లేదు, పట్టేసిన ఇంజిన్ ఉన్న వాటికి మరీ లేదు.

మీ కారులో పెట్టింది ఎల్ఎస్1 కావడం గురించి ఒక మాట. 1997లో కార్వెట్‌తో మొదలైన ఇంజిన్ ఇది. 5.7 లీటర్లు, అల్యూమినియం బ్లాకు, కాబట్టి ఇనప బ్లాకున్న మీ పాత ఆరు సిలిండర్ల ఇంజిన్‌తో పోలిస్తే బరువులో పెద్ద తేడా రాదు. పాతది కాగితం మీద 151 హార్స్‌పవర్, ఇది తేలిగ్గా 300 దాటుతుంది. అందుకే దాన్ని ప్రపంచమంతా దొరికిన ప్రతి కారులోనూ దూర్చారు. ఇందులో మీకు మంచీ చెడూ రెండూ ఉన్నాయి. విడిభాగాలు ఎక్కడైనా దొరుకుతాయి, ఏ మెకానిక్ అయినా భయపడకుండా చెయ్యి పెడతాడు. కానీ ఇలాంటి కార్లు చాలా ఉన్నాయి కాబట్టి వింతగా చూసి ఎక్కువ ఇచ్చేవాళ్ళుండరు. జపాన్ కార్ల పిచ్చి ఉన్నవాళ్ళలో కొందరు, స్కైలైన్ జీటీఆర్ ఆర్‌బీ26 ఇంజిన్ పెట్టిన 240జెడ్‌ని చూసి "పోనీలే, నిస్సాన్‌దే కదా" అని సరిపెట్టుకుంటారు, షెవర్లే అంటే మొహం తిప్పుకుంటారు. మనుషుల పట్టింపులు!

కాబట్టి మీ కారు కొనేది ఆ పట్టింపున్నవాళ్ళు కాదు. తోలడానికి కొనేవాళ్ళు. వాళ్ళు కారు ఎలా చూస్తారో గమనించారా? బానెట్ ఎత్తగానే ఇంజిన్ మీద ధ్యాస పెట్టరు. వైర్లు చూస్తారు. నల్లటేపు చుట్టి వదిలేసిన అతుకులెన్ని, ఇంధనం గొట్టం ఎగ్జాస్ట్‌కి ఎంత దగ్గరగా పోతోంది, డాష్‌బోర్డులో పెట్రోలు ముల్లు పనిచేస్తోందా. ఇంజిన్ ఆన్ చేసి ఇరవై నిమిషాలు అలాగే నిలబెట్టి వేడి ముల్లు వైపు చూస్తూ కూర్చుంటారు. తర్వాత కింద పడుకుని నేల రేకులూ పొడవాటి పట్టీలూ తట్టి చూస్తారు. 240జెడ్‌కి తుప్పు పుట్టిల్లు అక్కడే, రెట్టింపు బలమున్న ఇంజిన్ మెలితిప్పేదీ అక్కడే. ఇవి బాగుంటే ధర ఒకలా, బాగోకపోతే ఇంకోలా ఉంటుంది. వాళ్ళ భయమల్లా ఒక్కటే, ఇంకొకడు చేసిన పని తనమీద పడుతుందేమోనని. మీ రసీదులు, వైరింగ్ బొమ్మ, ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) సెట్టింగుల కాపీ పనికొచ్చేది ఇక్కడ.

ధరకు ఒక కింది హద్దు కూడా ఉంటుంది. ఇంజిన్, గేర్‌బాక్స్ విడిగా అమ్మితే ఎంత, ఇంజిన్ లేని 72 మోడల్ బాడీ ఎంత, రెండూ కలిపి చూడండి. కారు మొత్తంగా అంతకంటే తక్కువకు అమ్మితే మీరు మోసపోయినట్టే. వచ్చి చూసినాయన చెప్పిన రేటు ఈ హద్దుకి కింద ఉందేమో చూసుకోండి, ఉంటే మీకు తోచిన అవమానం నిజమే. పై హద్దు కోసం వీ8 పెట్టిన 240జెడ్‌లు వేలంలో అమ్ముడైన ధరలు చూడండి. అమ్ముతామని పెట్టుకున్న ధరలు చూడకండి, అవి ఆశలు. అమ్మకం కుదరక ఆగిపోయిన వేలాల్లో ఆఖరి పాట కూడా రాసుకోండి, అది కనీసం ఒక మనిషి నిజంగా ఇస్తానన్న మొత్తం. అక్కయ్యగారిని పక్కన కూర్చోబెట్టుకుని ఇద్దరూ కలిసి చూస్తే ఇంకా మంచిది.

ఇప్పుడు మీరు ఉత్తరంలో ఒక వాక్యంలో దాటేసిన విషయానికి వస్తాను. టార్పాలిన్ కింద ఉన్న ఇంజిన్.

ఈ కథలో నిజమైన డబ్బు అక్కడుంది, లేదా అక్కడ ఏమీ లేదు. అది తేలేదాకా మీ ఇద్దరి లెక్కలూ గాల్లో మేడలే. మీ కారు బానెట్ కింద ఒక చిన్న లోహపు పలక ఉంటుంది. దాని మీద కారు నంబరుతో పాటు ఇంజిన్ నంబరు కూడా కొట్టి ఉంటుంది. ఇంజిన్ బ్లాకు పక్కన ఎల్24 అని మొదలయ్యే నంబరు ఉంటుంది. ఆ రెండూ ఒకటేనా? మీ ఉత్తరంలో ఎక్కడా చూసినట్టు రాయలేదు. మీ నాన్నగారు కొనే నాటికే కారు చేతులు మారి ఉంటే, అంతకుముందే ఎవరైనా ఇంజిన్ మార్చి ఉండొచ్చు. యాభై ఏళ్ళ కార్లలో ఇది మామూలే.

ఒక పాత గుడ్డ, కాస్త కిరోసిన్, మెత్తటి బ్రష్, ఒక టార్చి తీసుకెళ్ళండి. జిడ్డు మాత్రం తుడవండి. దయచేసి ఇసుక కాగితం, ఇనప బ్రష్, గ్రైండరు ఆ దగ్గరికి కూడా తీసుకెళ్ళొద్దు. నంబరు చుట్టూ లోహం గీరినట్టు కనిపిస్తే, అది నిజమైన నంబరే అయినా ఎవడూ నమ్మడు. ఫొటో తీయండి. సిలిండర్లలోకి కొంచెం పల్చటి నూనె పోసి వదిలేయండి, బలవంతంగా తిప్పొద్దు. అక్కడే డబ్బాలో పాత కార్బ్యురేటర్లు ఉన్నాయేమో కూడా చూడండి. 1972 దాకా వచ్చిన గుండ్రటి మూత ఉన్న జంట కార్బ్యురేటర్లకి గిరాకీ ఉంది, 1973 కార్లవాళ్ళు తమవి పీకేసి ఇవి పెట్టుకుంటారు.

నంబర్లు కలవకపోతే అక్కయ్యగారి వాదనలో బలం సగానికి సగం పోతుంది, ఎందుకంటే మీరు తీసేసింది కారుతో పుట్టిన ఇంజిన్ కాదు. కలిస్తే మీ చేతిలో ఇంకా ఒక దారి మిగిలి ఉంది. ఆ ఇంజిన్ కారుతోనే ఉన్నంతవరకు దానికి విలువ. దాన్ని విడిగా అమ్మడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ చేయొద్దు. పరాయి కారువాడికి అది ఒక పట్టేసిన ఇంజిన్, ఈ కారుకు అది జాతకం.

ఇక దారులు. కారు ఇలాగే ఉంచుకుని, పైన చెప్పిన పద్ధతిలో తేలిన ధరలో సగం అక్కకివ్వడం మొదటిది. తొందరగా తెగుతుంది. పాత ఇంజిన్ కూడా ఆ లెక్కలో కలపాలి, అది మీ ఒక్కరిదీ కాదు. రేపు మీరు దాన్ని తిరిగి ఎక్కించి లాభానికి అమ్మితే అక్కకి మళ్ళీ మనసు కష్టపడుతుంది కాబట్టి, ఇన్నేళ్ళలోపు అమ్మితే పైన వచ్చినదాంట్లో ఇంత ఇస్తానని ఇప్పుడే రాసుకోవడం నయం.

పాత రూపానికి తెచ్చి అమ్మడం ఇంకో దారి. వినడానికి న్యాయంగా ఉంటుంది. చేసేటప్పుడు చాలా టెన్షన్. ఇంజిన్ మొత్తం విప్పి కట్టాలి, గేర్‌బాక్స్ వెతకాలి, కోసిన రేకు మళ్ళీ అతకాలి, వైరింగ్ మార్చాలి. వీ8 బలానికి ఆగదని వెనక చక్రాలకు బలం పంచే డిఫరెన్షియల్ కూడా మార్చి ఉంటే అదీ కావాలి. ఇంతా చేస్తే వచ్చేది ఒకసారి వీ8 పెట్టి తీసిన కారు. అతుకు వేసిన చోటు తెలిసినవాడి వేలికి తగులుతుంది. ధర పెరుగుతుంది, కాదనను, కానీ ఖర్చు పోను మిగిలేది ఎంతో ముందే ఎవరూ చెప్పలేరు. అక్కయ్యగారు ఇదే కావాలంటే ఖర్చులో సగం పెట్టుకోవడానికి ఒప్పుకోవాలి. ఆ మాట అడిగి చూడండి. నష్టం మీదొక్కరిదే అని ఆవిడ నిజంగా నమ్ముతున్నారా, లేక ఇంకేదైనా చెప్పలేక డబ్బు మాట ఎత్తుతున్నారా అన్నది కూడా అక్కడ కొంత బయటపడుతుంది.

మీరిద్దరూ కాదనుకుంటే, వీ8తో నడుస్తున్న కారుతో పాటు పాత ఇంజిన్‌ని చెక్క పలక మీద పెట్టి కలిపి అమ్మేయండి. ఎక్కించుకోవాలా వద్దా అన్నది కొనేవాడి ఇష్టం. నంబర్లు కలిస్తే ఇలా అమ్మినప్పుడు రెండు రకాల వాళ్ళూ వస్తారు. పెద్దగా ఖర్చుండదు. నేనైతే, అమ్మాల్సే వస్తే, ఇలాగే అమ్ముతాను. ఏ దారి పట్టినా ముందు రిజిస్ట్రేషన్ కాగితంలో ఏ ఇంజిన్ నంబరుందో చూడండి. ఇప్పుడున్న ఇంజిన్ అందులో నమోదు కాకపోతే అమ్మకమూ ఇన్సూరెన్సూ రెండూ ఇరుక్కుంటాయి. చెరి సగం పేరు మీద అలాగే ఉంచేద్దామనే ఆలోచన ఉంటే వద్దు. ఎవరు తోలాలి, ఎవరు రిపేరు చేయించాలి అనే గొడవ ఏడాదికి రెండుసార్లు వస్తుంది.

నాన్న కారును పాడు చేశానా అన్నారు. పట్టేసి మూలన పడ్డ కారు 14 ఏళ్ళు తిరిగిందంటే అది మీరు చేసిన పని వల్లే. నాన్నగారు చివరి రోజుల్లో పక్క సీట్లో కూర్చుని వచ్చేవారని మీరే రాశారు. కానీ గేర్‌బాక్స్ అమ్మినప్పుడు అక్కని అడిగారా? ఇంజిన్ మార్చేముందు ఒక మాట చెప్పారా? ఉత్తరంలో ఆ ప్రస్తావన లేదు. ఆవిడకి చిన్నప్పటి నుంచి తెలిసిన చప్పుడు ఒకరోజు లేకుండా పోయింది, ఎందుకు పోయిందో తర్వాత తెలిసింది. దానికి లెక్క కట్టడం రాక 3,10,000 డాలర్లు అంటున్నారేమో. ఇది నా ఊహే, తప్పయితే వదిలేయండి.

నంబరు చూడటానికి ఒక్కరే వెళ్ళకండి. టార్చి అక్కయ్యగారి చేతికిచ్చి, తుడిచే పని మీరు చేయండి. ఆ గేర్‌బాక్స్ కొన్నాయన వివరాలు రసీదుల కట్టలోనే ఉండి ఉంటాయి. ఇవాళే ఫోన్ చేయండి. అమ్ముతాడా లేదా అన్నది తర్వాత, అసలు ఇంకా ఆయన దగ్గర ఉందో లేదో కనుక్కోండి.